అరవని కప్ప

కిందటి వారం కథ బ్యాంకాక్‌లోని బాన్ మో ఎలక్ట్రానిక్స్ బజారులో, హియా సుంగ్ దుకాణంలో, అరవని ఒక ప్లాస్టిక్ కప్ప దగ్గర ఆగింది. మెకాంగ్ నది ఒడ్డునున్న చిన్న బడి నుంచి టీచర్ మాలైవన్ బ్యాంకాక్ వచ్చింది. సైన్సు క్లబ్బు పిల్లలకి నలభై ఎలక్ట్రానిక్స్ కిట్లు చూసి ఎంచుకు రమ్మని ఊరివాళ్ళూ గుడి పెద్దలూ ఆమెని పంపారు. వెంట తన క్లాసు పిల్ల, పదకొండేళ్ళ తేంగ్‌మోని తీసుకొచ్చింది. "ఆడుకునేది పిల్లలు. పిల్ల చేతిలో ఎలా ఉంటుందో చూడకుండా నేను ఎంచను" అన్నది ఆమె పట్టుదల. హియా సుంగ్ తను స్వయంగా తయారుచేసిన కప్ప కిట్టు విప్పి, తేంగ్‌మోని బల్ల ముందు కూర్చోబెట్టి కట్టమన్నాడు. పైనున్న చిన్న కంటికి వెలుతురు తగలకుండా అరచెయ్యి అడ్డుపెడితే కప్ప అరవాలి. అరవలేదు. టంకం సరిగ్గా పడలేదన్నాడు ఆయన.

"టంకం బాగానే పడింది తాతా. మీ కాగితమే తప్పు" అంది తేంగ్‌మో.

హియా సుంగ్ కాగితం పక్కన పెట్టి ఆ పిల్లని ఎగాదిగా చూశాడు.

హియా సుంగ్‌కి అరవై తొమ్మిదేళ్ళు. ఆ సందులో ఆయన్ని ఒట్టి పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. టీవీలు బాగుచేసేవాళ్ళ దగ్గర్నుంచి కాలేజీ ప్రొఫెసర్ల దాకా అందరికీ ఆయన 'హియా', పెద్దన్నయ్య. ముప్పై ఏళ్ళుగా ఆయన గీసిన సర్క్యూట్లు ఎన్నో ఊళ్ళలో బడిపిల్లల చేతుల్లో కూశాయి, వెలిగాయి, మిణుకుమన్నాయి. ఆయన కాగితం తప్పని ఇంతవరకూ ఒక్కరూ మొహం మీద అనలేదు.

"ఏ ఊరు పిల్లా మీది?"

"నఖోన్ ఫనోం తాతా."

"అక్కడి పిల్లలందరికీ నోరు ఇంతేనా, నీకొక్కదానికేనా?"

"నాది నయం. మీరు మా అమ్మమ్మని చూళ్ళేదు."

లోపలి బల్ల దగ్గర విడిభాగాలు సంచుల్లో సర్దుతున్న హియా కూతురు ఒరతాయ్ ఫక్కున నవ్వింది. తండ్రి మొహం చూసి గబుక్కున తల దించుకుంది.

"తేంగ్‌మో, తాతగారికి క్షమాపణ చెప్పు" అంది మాలైవన్. ఆలోచించి అన్న మాట కాదది. పంతొమ్మిదేళ్ళ పాఠాలతో నాలుకకి పట్టేసిన మాట. వస్తువు పని చెయ్యకపోతే పిల్ల చెయ్యే తప్పు. కాగితం తప్పు కావడమన్నది ఆమె ఎన్నడూ ఎరగదు.

"తప్పు నాదైతే చెప్తాను టీచర్" అంది తేంగ్‌మో నెమ్మదిగా. పొగరుగా కాదు, లెక్క చేసి జవాబు చెప్పినట్టు. "ఆ అద్దాల బీరువాలో ఉన్న కప్ప పొద్దున అరిచిందిగా. దాన్నీ దీన్నీ ఒక్కసారి పక్కపక్కన పెట్టండి."

హియా సుంగ్ కదల్లేదు. మాలైవన్‌కి ఎందుకో ఆ పిల్ల గొంతులోని నిదానం తగిలింది. తనే లేచి వెళ్ళి, బీరువాలోంచి దుమ్ము పట్టిన పాత కప్పని తీసుకొచ్చి కొత్తదాని పక్కన పెట్టింది.

"ఈ మూడు కాళ్ళ నల్లవాళ్ళని చూడండి" అంది తేంగ్‌మో. ట్రాన్సిస్టర్లకి ఆమె పెట్టుకున్న పేరది. "పాత కప్పలో వీడి పొట్ట మీద ఒక నంబరుంది. నా సంచీలో వచ్చినవాడి మీద వేరే నంబరుంది. మనిషి వేరు. కానీ కాగితంలో బొమ్మ మాత్రం పాతవాడిదే."

హియా సుంగ్ జేబులోంచి భూతద్దం తీసి కంటికి బిగించుకున్నాడు. పాత బోర్డు మీద వంగాడు. కొత్త బోర్డు మీద వంగాడు. మళ్ళీ పాతదాని మీద వంగాడు. ఆయన మెడ వెనక చెమట చుక్క ఒకటి మెల్లగా కిందికి జారింది.

"ఒరతాయ్" అన్నాడు తల ఎత్తకుండానే. "ఈ రకం ఎప్పట్నించి వేస్తున్నాం?"

"మూడేళ్ళవుతోంది నాన్నా. పాత రకం రావట్లేదని చెప్పాను కదా. దాని బదులు ఇది సరిగ్గా సరిపోతుందని సరుకిచ్చేవాడన్నాడు."

"సరిపోతుంది. పని అదే చేస్తుంది. కానీ కాళ్ళ వరస తిరగబడి ఉంది. పాతదానికి ఈ కొసన ఉండే కాలు దీనికి ఆ కొసన ఉంది."

ఆయన టంకం ఇనుము వేడెక్కేదాకా ఆగి, రెండు ట్రాన్సిస్టర్లనీ ఊడదీసి, ముందువెనకలు తిప్పి మళ్ళీ అతికాడు. చెయ్యి కొంచెం కూడా వణకలేదు. బ్యాటరీ తగిలించి, అరచెయ్యి గొడుగులా అడ్డుపెట్టాడు.

బెకబెకబెక!

చెయ్యి తీశాడు. ఆగిపోయింది. అడ్డుపెట్టాడు. బెకబెక! ఎదురు దుకాణంలో స్పీకర్లు అమ్మే కుర్రాడు తల తిప్పి చూసి, "వానొస్తుందా హియా?" అని అరిచాడు.

హియా సుంగ్ కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. పదకొండేళ్ళ పిల్ల ముందు రెండు చేతులూ జోడించాడు. పెద్దవాళ్ళు పిల్లలకి దణ్ణం పెట్టే ఆచారం ఆ దేశంలో లేదు. తేంగ్‌మో బిత్తరపోయి, కుర్చీలోంచి దూకి, ఆయనకంటే కిందికి వంగి దణ్ణం పెట్టింది.

"అలా చెయ్యకండి తాతా! నాకు ఆయుష్షు తగ్గుతుందని అమ్మమ్మ కొడుతుంది."

"క్షమాపణ ఎవరు చెప్పాలో తేలిందిగా" అన్నాడాయన. తర్వాత కూతురి వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. "మూడేళ్ళు. ఎన్ని కప్పలు అమ్ముడుపోయుంటాయి?"

"ఆరేడు వందలు."

"కప్ప అరవలేదని ఒక్కరూ రాయలేదా?"

ఒరతాయ్ చేతిలో ఉన్న సంచీ మూతి మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. నలభై దాటిన మనిషి. భర్త పోయాక ఈ దుకాణాన్నీ తండ్రినీ రెండింటినీ నెట్టుకొస్తోంది. ఆమె లేచి, పై అరలోంచి ఒక గుండ్రటి బిస్కెట్ల డబ్బా దించి తెచ్చింది.

ప్రతి కిట్టు సంచీలోనూ ఒక చిన్న కార్డు ఉంటుంది. 'నీ కప్ప ఎలా అరిచిందో మాకు రాయి' అని దాని మీద అచ్చు వేయించినవాడు హియా సుంగే. మొదట్లో వచ్చే ప్రతి కార్డుకీ ఆయనే జవాబు రాసేవాడు. కళ్ళు మందగించాక ఆ పని కూతురికి అప్పజెప్పాడు.

"రాశారు నాన్నా" అంది ఒరతాయ్. "నేను వాళ్ళకి పాత రకంతో ముందే కట్టి ఉంచిన కప్పని పంపించేదాన్ని. ఎవరు రాసినా ఒక తయారు కప్ప. అది అరిచేది. వాళ్ళు సంతోషించేవాళ్ళు. గొడవ ఉండేది కాదు. పిల్లలు కదా, చేతులు తిన్నగా ఉండవు, పొరపాటు చేసుంటారనే అనుకున్నాను. నీకు చెబితే నిద్రపోవు."

"కట్టి ఉంచిన కప్ప" అన్నాడు హియా సుంగ్. "బజార్లో ఎక్కడైనా దొరుకుతుంది."

డబ్బా మూత తీసి, పైనున్న కార్డు తీసి, కంటికి దూరంగా పట్టుకుని చదివాడు. "'తాతగారూ, నా చెయ్యి వణికింది. అందుకే అరవలేదనుకుంటాను. కిట్టు పాడుచేసినందుకు క్షమించండి.' పదేళ్ళ పిల్లాడు." ఇంకొకటి తీశాడు. "'మా నాన్న నాకు ఈ పని తలకెక్కదన్నారు. ఇకనుంచి డాన్సు నేర్చుకుంటాను.'" మూడోది తీసి, చదవకుండానే బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి ఉంచాడు.

ఎదుటి బల్ల మీద ఆ కార్డులు ఒక్కొక్కటే పరుచుకుంటూ ఉంటే మాలైవన్‌కి ఏదో గుర్తుకు రావడం మొదలైంది. కప్ప. కిట్టు. రెండేళ్ళ కిందటి మాట. తన కూతురు పిమ్‌దావ్‌కి పదమూడేళ్ళు నిండినప్పుడు తను పోస్టులో ఇలాంటి ఆకుపచ్చ సంచీయే తెప్పించింది. పిమ్‌దావ్ చదివేది తల్లి బళ్ళోనే. దాన్ని క్లాసులో కట్టింది. అరవలేదు. "కాగితం చదివి చెయ్యమని నూరుసార్లు చెప్పాను. నా కూతురే ఇలా చేస్తే మిగతావాళ్ళకి ఏమని చెప్పను?" అని అందరి ముందూ అంది తను. పిమ్‌దావ్ ఏమీ అనలేదు. మర్నాటి నుంచి సైన్సు క్లబ్బుకి రాలేదు. వయసు మారిందనుకుంది తను. ఆడపిల్లలకి ఆ ఈడులో ఆసక్తులు మారతాయని తోటి టీచర్లకి సర్దిచెప్పింది కూడా.

ఆమె చేతులు డబ్బాలోకి వెళ్ళాయి. కార్డులు ఒక్కొక్కటే తిప్పింది. దాదాపు అడుగున, వాలుగా, తోకలు పొడుగ్గా సాగే ఆ అక్షరాలు కనబడ్డాయి. బియ్యం డబ్బా మీదా, తలుపు వెనక క్యాలెండరు మీదా రోజూ చూసే అక్షరాలు.

'అయ్యా, మీ బొమ్మలో రెండు ట్రాన్సిస్టర్లూ ముందువెనకలయ్యాయి. నేను నాలుగు రోజులు చూశాను. తిప్పి పెడితే కప్ప అరుస్తోంది. దయచేసి కాగితం మార్చండి, తర్వాతి పిల్లలకి ఇబ్బంది ఉండదు. మా టీచరు తప్పు నాదేనని క్లాసులో అన్నారు. కప్ప అరిచిన సంగతి ఆమెకి చెప్పలేదు. ఇప్పుడు చెబితే అందరి ముందూ తప్పు ఆమెదవుతుంది.'

కింద పేరుంది. టీచరు తన తల్లి అని ఎక్కడా రాయలేదు.

మాలైవన్ ఆ కార్డుని రెండుసార్లు చదివింది. తర్వాత ఒరతాయ్ వైపు చూపించింది. "ఇది చదివారా?"

ఒరతాయ్ చదివి, కళ్ళు ఎత్తలేకపోయింది. "చదివే ఉంటానక్కా. చిన్నపిల్ల ఏదో పెద్దమాట రాసిందనుకుని ఉంటాను. దీనికీ ఒక తయారు కప్పని పంపే ఉంటాను."

ఇంటికి అలాంటిదేదీ వచ్చినట్టు మాలైవన్‌కి గుర్తులేదు. వచ్చి ఉంటే పిమ్‌దావ్ దాన్ని ఏం చేసి ఉంటుంది?

"ఎవరు టీచరమ్మా ఆ పిల్ల?" అన్నాడు హియా సుంగ్.

"నా కూతురు" అంది మాలైవన్. కార్డు చివరి వాక్యాల మీద వేలు పెట్టి, "ఆ టీచర్ని నేనే" అంది.

తేంగ్‌మో ఒకసారి ఆమె మొహంలోకి చూసింది. తర్వాత పెద్దవాళ్ళ మాటలు వినకూడదన్నట్టు పాత కప్ప మీది దుమ్ము గౌను అంచుతో తుడవసాగింది.

ఒరతాయ్ లోపలికి వెళ్ళి, మంచుముక్కలు వేసిన కాఫీ తెచ్చి మాలైవన్ ముందు పెట్టింది. "మీరు మా దగ్గర కొనరని తెలుసక్కా. అడిగే మొహం కూడా మాకు లేదు. వంతెన అవతల పెద్ద దుకాణంలో రంగు బిళ్ళల కిట్లున్నాయి. అయస్కాంతంతో టక్కున అతుక్కుంటాయి. టంకం లేదు, కాలదు, ఎప్పుడూ తప్పదు. మీ జిల్లా ఆఫీసువాళ్ళు కూడా అవే మంచివన్నారని పొద్దున మీరే చెప్పారు."

నిజమే. ఆ కిట్లు పొద్దున తేంగ్‌మో చేత కట్టించి చూసింది మాలైవన్. ఐదు నిమిషాల్లో లైటు వెలిగింది, బజరు మోగింది. దేన్ని ఎక్కడ పెట్టాలో రంగే చెబుతుంది. ఇనుము వేడికి వేళ్ళు కాలే భయం లేదు. తల్లిదండ్రులకి నచ్చుతుంది, పై ఆఫీసుకి నచ్చుతుంది. ఏ పిల్లా ఓడిపోదు. ఒక గంట ముందయితే ఈ ఆఖరి మాటే ఆమెకి సరిపోయేది.

"తేంగ్‌మో, నువ్వు చెప్పు. బిళ్ళలవి తీసుకుందామా?"

"ముద్దుగా ఉన్నాయి టీచర్. నా తమ్ముడికైతే కొంటాను. వాడికి నాలుగేళ్ళు."

"మీకో?"

ఆ పిల్ల ఆలోచించింది. "అవి పాడైతే ఎందుకు పాడయ్యాయో తెలీదు. బిళ్ళకి మూత లేదు, అంతా మూసేసి ఉంది. పారేసి ఇంకో బిళ్ళ తెప్పించుకోవాలి. ఇది పాడైతే లోపల చూడొచ్చు. ఒక ముక్క పోతే మా ఊరి రేడియో షాపు మామయ్య దగ్గరైనా దొరుకుతుంది. ఇవాళ ఇది అరవకపోవడమే బాగుంది నాకు." అని, మళ్ళీ కంగారుగా, "అంటే, మీకు కాదు తాతా" అంది.

హియా సుంగ్ మొహంలో ఆ మధ్యాహ్నం మొదటిసారి నవ్వులాంటిది కనిపించింది.

మాలైవన్ కాఫీ ముట్టుకోలేదు. కార్డుని బల్ల మీద తిన్నగా పెట్టింది. "హియా, నలభై కప్పలు మీ దగ్గరే తీసుకుంటాను. ట్రాన్సిస్టర్లు ఇవే ఉండనివ్వండి. కానీ కాగితం మార్చాలి."

"బొమ్మ ఇవాళే మార్చి గీస్తాను."

"బొమ్మ ఒక్కటే కాదు. కాగితం చివర 'అరవకపోతే' అని ఒక భాగం ఉండాలి. మొదట బ్యాటరీ చూడు, తర్వాత టంకం చూడు, తర్వాత కాళ్ళ వరస చూడు అని. అన్నీ చూశాక కూడా అరవకపోతే, తప్పు మాదై ఉండొచ్చు, మాకు రాయి అని ఉండాలి. రాసినవాళ్ళకి కట్టిన కప్పని పంపకూడదు. జవాబు పంపాలి."

హియా సుంగ్ తల ఊపాడు. "ముప్పై ఏళ్ళలో ఆ ఒక్క వాక్యం రాయడం నాకు తోచలేదు చూడండి." డబ్బాని తన వైపు లాక్కున్నాడు. "ఈ పిల్లలందరికీ కూడా రాస్తాను. కొందరు ఇల్లు మారుంటారు, పెద్దవాళ్ళయ్యుంటారు. అయినా రాస్తాను. ఒరతాయ్, నా కళ్ళజోడు తియ్యి. నువ్వు చదువు, నేను చెప్తాను."

"మొదలు ఎవరికి నాన్నా?"

"డాన్సు నేర్చుకుంటానన్న పిల్లకి. నేర్చుకోమను. కానీ కప్ప తప్పు తనది కాదని రాయి."

ఒరతాయ్ కలం తీసుకుంది. వేళ్ళతో కళ్ళు ఒత్తుకుని, రాయడం మొదలుపెట్టింది.

తేంగ్‌మోని వాళ్ళ దగ్గర వదిలి మాలైవన్ సందులోకి వచ్చింది. ఎండ వాలుతోంది. చేపమాంసం ఉండలు అమ్మే బండివాడు పక్కకి జరగమని గంట కొట్టాడు. గోడ నీడలో నిలబడి ఆమె ఇంటికి ఫోను చేసింది. ఎవరూ ఎత్తలేదు. శనివారాలు పిమ్‌దావ్ వాళ్ళ పిన్ని నూడిల్స్ కొట్లో సాయం చేస్తుంది కదా అని గుర్తొచ్చి, కూతురి ఫోనుకే చేసింది. చాలాసేపు మోగాక ఎత్తింది పిమ్‌దావ్.

"అన్నం తిన్నావా?" అంది మాలైవన్. ఎన్నో మాటలు సిద్ధం చేసుకుంది, నోటికి వచ్చింది ఇది.

"తిన్నానమ్మా. కిట్లు దొరికాయా?"

"దొరికాయి. పిమ్, నేను హియా సుంగ్ కొట్లో ఉన్నాను. నీ కార్డు చూశాను."

అవతల గాలి చప్పుడు. నీళ్ళ చప్పుడు.

"వాళ్ళకి చేరిందా?" అంది పిమ్‌దావ్ మెల్లగా. "చేరలేదేమో అనుకున్నాను."

"ఆ రోజు తప్పు నీది కాదు. అందరి ముందూ అన్నాను. సోమవారం అందరి ముందే చెప్తాను, తప్పు నాదని. నువ్వు క్లాసులో ఉన్నా సరే, లేకపోయినా సరే." మాలైవన్ ఫోను ఇంకో చెవికి మార్చుకుంది. "నా కోసం రెండేళ్ళు నోరు మూసుకున్నావు. నేనేమో నీకు ఇష్టం పోయిందనుకున్నాను."

"ఇష్టం పోలేదమ్మా" అంది పిమ్‌దావ్. "అసలు మానలేదు కూడా."

"అంటే?"

"నీకు ఇవాళ చెబుదామనుకోలేదు. కానీ ఇప్పుడు వేరే దారి లేదు." పిల్ల ఊపిరి తీసుకుంది. "నేను శనివారాలు పిన్ని కొట్టుకి వెళ్ళట్లేదు. నది దాటుతున్నాను. లావోస్ వైపు. అక్కడి బడికి మన గుడివాళ్ళు కిందటేడు ఈ కప్ప కిట్లే పంచారు. ఒక్కటీ అరవలేదు. పదకొండు మంది పిల్లలు మాకు రాదని వదిలేశారు. పిన్ని కొట్లో తినడానికి వచ్చిన పడవతను చెప్పాడు. ఊరికే ఉండలేకపోయాను. మొదట కప్పలు సరిచేశాం. ఇప్పుడు రేడియో చేస్తున్నాం."

మాలైవన్ గోడకి ఆనుకుంది. పదిహేనేళ్ళ పిల్ల, ఒంటరిగా, అంత నది. కోపం వస్తుందనుకుంది. ఇంకా రాలేదు.

"నీకు సరిహద్దు దాటే పాసు ఎలా ఇచ్చారు? పెద్దవాళ్ళ సంతకం లేకుండా ఇవ్వరే!"

అవతల ఎవరో పడవవాణ్ణి కేకేశారు.

"పిమ్?"

"సంతకం ఉందమ్మా" అంది పిమ్‌దావ్. "నీదే. నేను పెట్టాను."

సందులో ఎవరో లోడు దించుతున్నారు. పెట్టెలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. మాలైవన్ రెండో చెవి మూసుకుంది.

"ఇవాళ కొత్త ఆఫీసరొచ్చాడు. కాగితం చూసి అనుమానపడ్డాడు. తిరిగొస్తుంటే ఆపి, గంట నుంచి ఇక్కడ లావోస్ రేవులో కూర్చోబెట్టాడు. మంచివాడేనమ్మా, నీళ్ళిచ్చాడు, అరవలేదు. నీతో మాట్లాడాకే పంపిస్తానంటున్నాడు. ఇదిగో, ఇస్తున్నాను."

ఫోను చేతులు మారిన చప్పుడు. మర్యాదగల ముసలి గొంతు ఒకటి వినబడింది.

"టీచరమ్మగారేనా? నమస్కారమండీ. మీ అమ్మాయి తెలివైన పిల్ల, ఇక్కడి పిల్లలు తనని ఆపానని ఏడుస్తున్నారు. నాకు మీ నుంచి ఒక్క మాట కావాలి, మీరు ఏం చెబితే అదే కాగితంలో రాసుకుంటాను. కింద ఆఖరి పడవ తాడు విప్పుతున్నారు. చెప్పండి, ఈ సంతకం మీదేనా?"